కూర్చోమన్న తువ్వాలు

ఇసకలపాలెంలో మధ్యాహ్నం అన్నాలయ్యాక మగాళ్ళకు పెద్దగా పని ఉండదు. వలలు బాగుచేసుకుంటూ, ఒకడి పెళ్ళాం పేరు చెప్పి ఇంకొకడిని ఏడిపిస్తూ పొద్దుపుచ్చుతారు. తిత్లీ తుఫాను వచ్చిన మరుసటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో లక్ష్ముడు కూడా అలాగే పాక నీడన కూర్చుని వల కుడుతుంటే, సముద్రం మీద పెద్ద చప్పుడయింది. తలెత్తేసరికి రెండు ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఉన్నాయి. అందులో ఒకటి నూనె ఓడ. చూస్తుండగానే అది అంటుకుంది.

సాయంత్రానికి ఒడ్డంతా జనం. ఫోన్లలో కబురు పాకి నరసన్నపేట నుంచి ఆటోలు, రాజాం నుంచి కార్లు దిగాయి. వేరుశనక్కాయల వాడొచ్చాడు, ఐసు బండి వచ్చింది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ చూపించారు. మనుషులు కాలిపోతున్న చోటికి తీర్థానికి వచ్చినట్టు వచ్చారు. పరాయివాళ్ళని అనడమెందుకు, పాలెంలో జనమే వాళ్ళకి కూర్చోడానికి చాపలు పరిచారు.

ఆ పొగలోంచి నారింజ రంగు తెప్ప ఒకటి బయటపడింది. ఓడ మునిగేటప్పుడు ప్రాణాలు కాపాడుకోడానికి గాలి నింపి దించే తెప్ప అది. దాని మీద నలుపు నలుపుగా మనుషులు. వాళ్ళలో ఒకడు లేచి నిలబడి, తెడ్డుకు గుడ్డ కట్టి అటూ ఇటూ ఊపడం మొదలెట్టాడు.

"ఏమంటున్నాడయ్యా వాడు?" పక్కన నిలబడ్డ రాజాం షావుకారు లక్ష్ముణ్ణి అడిగాడు. చేతిలో ఫోను, ఫోనులో వీడియో.

లక్ష్ముడికి హుషారొచ్చింది. చదువుకున్నవాళ్ళు తనని ఒక మాట అడగడం రోజూ జరిగేది కాదు. "అది మా సముద్రపోళ్ళ బాస బాబూ. ఇంజనాగిపోతే అలాగ ఊపుతాం. ఒడ్డునున్నోడు తువ్వాలు తీసి తల సుట్టూ తిప్పితే... సూసినాను, వస్తన్నాను, నువ్వు కూకో అని. కూకోపోతే పడవ తిరగబడిపోద్ది కదా. బదులిచ్చినోడు ఎల్లి తీరాల."

"ఏదీ, తిప్పి చూపించు."

లక్ష్ముడు భుజం మీద తువ్వాలు లాగి తల చుట్టూ గుండ్రంగా తిప్పాడు.

"సరిగ్గా పడలేదు, ఇంకోసారి."

ఇంకోసారి తిప్పాడు. అది చూసి జనమంతా చేతిగుడ్డలు, చున్నీలు తీసి తిప్పారు. తెప్ప మీద మనిషి తెడ్డు దించాడు. కూర్చున్నాడు. అతని పక్కవాళ్ళు కూడా ఒక్కొక్కరే కూర్చున్నారు. ఒడ్డున చప్పట్లు కొట్టారు.

అప్పుడు తట్టింది లక్ష్ముడికి. ఈ బాస ఓడల మీద నేర్పరు. ఆ తెప్పలో ఉన్నవాడు ఈ తీరం మనిషే.

పరుగున వెళ్ళి తన పడవ మీద చెయ్యేశాడు. వెనకే వచ్చిన బావమరిది అప్పలసూరి చెయ్యి పట్టుకున్నాడు. "మతుండే సేస్తన్నావా బావా? నీళ్ళ మీద నూనె మండతన్నాది. అదిగో గస్తీ బోటు తిరగతన్నాది. అదే ఎక్కించుకుంటాది."

లక్ష్ముడు పడవ మీంచి చెయ్యి తీసేశాడు. భయమేసింది, అంతే. దానికి ఇంకో పేరు లేదు.

గస్తీ బోటు పొగలోంచి వచ్చింది. మెల్లగా తిరిగి వెతికింది. ఒక్క గుడ్డ ఊగితే కనిపించేంత దగ్గర్లోనే తిరిగింది. తెప్ప మీద ఎవరూ ఊపలేదు. వాళ్ళకి బదులు అందిపోయింది కదా, పెద్దమనుషుల్లా కూర్చునే ఉన్నారు. బోటు అటు తిరిగి వెళ్ళిపోయింది. పొగ కమ్ముకొచ్చింది.

మర్నాడు తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది, ఒక పక్క కరిగిపోయి. మనుషులు లేరు.

ఆ తర్వాత లక్ష్ముడు ఎక్కడికెళ్ళినా ఆ వీడియో ముందే వెళ్ళి కూర్చునేది. టీ కొట్టువాడు "టీవీలో పడ్డావు కదా" అని డబ్బులు తీసుకోలేదు. లక్ష్ముడు ఆ టీ అక్కడే పెట్టేసి వచ్చేశాడు. భార్య అసిరమ్మ చేపల గంపతో నరసన్నపేట వెళితే, శవాలు తిన్న చేపలు మాకొద్దన్నారు. ఒకావిడ మాత్రం ఫోను చూపించి "ఈయన మీ ఆయనే కదే" అని నవ్వింది. అసిరమ్మ గంపెత్తుకుని నడిచే ఇంటికొచ్చేసింది.

తర్వాతి అమావాస్య వెళ్ళిన సాయంత్రం, సముద్రం మీద గుడ్డ మళ్ళీ కనిపించింది.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. కెరటాలకు అవతల, పడవా తెప్పా ఏదీ లేని చోట, నీటికి మనిషెత్తున ఒక గుడ్డ అటూ ఇటూ ఊగుతోంది. కాలిన నూనె కంపు ఇళ్ళ మధ్యకి వచ్చింది. మొదట చూసింది ఆడవాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. గబగబా దండేల మీద చీరలూ పంచెలూ లాగేసుకుని లోపలికెళ్ళి తలుపులేసుకున్నారు. ఆరేసిన గుడ్డ గాలికి తిరిగితే అదే బదులనుకుంటాడేమోనని భయం. ఆ రోజునుంచి పాలెంలో పొద్దువాలాక గుడ్డ ఆరేసిన ఇల్లు లేదు, భుజాన తువ్వాలేసుకున్న మగాడూ లేడు. గుడ్డ మాత్రం రోజూ ఊగుతూనే ఉంది. రోజూ కాస్త దగ్గరగా.

లక్ష్ముడికి తిండి పోయింది, నిద్ర పోయింది. మాటిచ్చింది తను. ఊరంతా తలుపులేసుకుంటోంది తన వల్ల. ఒక సాయంత్రం లేచి పడవ దగ్గరకు నడిచాడు.

"ఏటి సేస్తన్నావు?" అసిరమ్మ వెనకే వచ్చింది.

"వస్తన్నానని సెప్పినాను కదే."

"ఆళ్ళు సచ్చిపోనారు."

"ఆ మాట ఆళ్ళకెవుడు సెప్పినాడు?"

అసిరమ్మ చీర చెంగు నడుముకి దోపుకుంది. తనే భుజం ఆనించి పడవని నీళ్ళలోకి నెట్టింది.

కెరటాలు దాటేసరికి వెలుగు పూర్తిగా పోయింది. ఇంజను దగ్గి ఆగిపోయింది. చుట్టూ చప్పుడు లేదు. పడవ అంచుకి నీళ్ళు తగిలే చప్పుడు కూడా లేదు. లక్ష్ముడు నీళ్ళలో చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది... వేళ్ళకి జిడ్డు అంటుకుంది.

గుడ్డ ఎక్కడా కనిపించలేదు. వెనక్కి తిరిగిపోదామనిపించింది. నిజంగా అనిపించింది.

అప్పుడు, నీటి మట్టం దగ్గర్నుంచి, ఎవరో చాలా మర్యాదగా పలికారు.

"అన్నా... కూకోమన్నావు కదా..."

లక్ష్ముడు పడవ అంచు పట్టుకున్నాడు.

"కూకున్నాం..."

ఇంకో గొంతు, ఇంకా చిన్నది. "బోటొచ్చినాది అన్నా... నువ్వొస్తావని... పిలవనేదు."

తిట్టి ఉంటే భరించేవాడు. శాపం పెట్టినా తలొంచుకునేవాడు. ఆ నమ్మకాన్నే తట్టుకోలేకపోయాడు. ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. "తప్పయిపోనాది తమ్ముడూ... ఎక్కండి."

పడవ ఎడమ పక్కకి ఒరిగింది. సర్దుకుంది. కుడి పక్కకి ఒరిగింది. మళ్ళీ ఎడమకి... మళ్ళీ. లక్ష్ముడు కళ్ళు తెరవలేదు. నీళ్ళు అంచుదాకా వచ్చి ఆగాయి. ఇంజను తాడు లాగితే ఒక్క లాగుకే అందుకుంది.

ఒడ్డున జనం ఉన్నారు. అసిరమ్మ తలుపు తలుపూ కొట్టి లేపుకొచ్చింది కాబోలు, అందరూ ఫోన్ల లైట్లు వేసుకుని నిలబడ్డారు. పడవ దగ్గరవుతుంటే ఆ లైట్లు దాని మీద పడ్డాయి. లక్ష్ముడి మీద కాదు, అతని వెనక్కి. ఒక్కొక్క లైటే ఆరిపోయింది.

లక్ష్ముడు దిగి తాడు అందుకున్నాడు. ఒడ్డుకొచ్చిన పడవకి, శత్రువుదైనా సరే, కనిపించిన ప్రతివాడూ భుజం పట్టాలన్నది పాలెం కట్టుబాటు. నీళ్ళలోకి నెట్టడం వేరు, ఆ పడవని మళ్ళీ ఇసక మీదకి చేర్చడం ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు.

"పట్టండ్రా," అన్నాడు. "అప్పలసూరీ... ఒరే, పట్టరా."

అప్పలసూరి అడుగు వెనక్కి వేశాడు. అతనితోపాటు ఊరంతా వెనక్కి వేసింది. ఎవరూ కళ్ళెత్తి చూడలేదు. అసిరమ్మ ఒక్కతే వచ్చి మొగుడి వెనక తాడు పట్టుకుంది.

ఇద్దరూ లాగబోయారు. తాడు బిగుసుకోలేదు. చేతుల్లో వదులుగా వేలాడింది.

పడవ కదిలింది.

వెనక నుంచి, అలవాటున్న చేతులు పట్టినట్టు నెమ్మదిగా, ఇసక మీద కరకరమంటూ పైకి వచ్చింది. లక్ష్ముడూ అసిరమ్మా పక్కకి తప్పుకున్నారు. ఎప్పుడూ పడవ నిలిపే చోటికి చేరింది.

అక్కడ ఆగలేదు. బదులిచ్చినవాళ్ళ ఇళ్ళ మధ్య సందులోకి తిరిగింది.