మామగారికైతే మార్చొచ్చు

చెవుల డాక్టరు అపాయింట్‌మెంట్ల కౌంటర్ దగ్గర టైలరమ్మాయికి ఒళ్లు మండిపోయింది. నాన్నకి వినపడక ఆర్నెల్లయితే, చేతిలో పెట్టిన తేదీకి ఇంకా రెండేళ్ల నాలుగు నెలలుంది. వెనకే నిలబడ్డ వాచీల మెకానిక్కేమో, వచ్చే నెల ఉన్న తన తేదీని రద్దు చేయమంటున్నాడు.

"రద్దెందుకండీ?" అంది ఉండబట్టలేక.

"రెండేళ్ల కిందట చెవిలో గుయ్యిమనేది. ఎదురుచూసీ చూసీ దానికే విసుగొచ్చి పోయింది."

"అయితే మా నాన్నకివ్వండి."

"తప్పకుండా తీసుకోండి."

కౌంటర్లోని కళ్లద్దాలావిడ తలెత్తకుండానే అడ్డుపుల్ల వేసింది. "సొంతవాళ్లకైతేనే మారుస్తాం. అమ్మా నాన్నా, అత్తా మామా."

"మామంటే, పిల్లనిచ్చిన మామేనా?" అన్నాడతను, ఏమీ ఎరగనట్టు.

"పెళ్లి సర్టిఫికెట్ తేవాలి. రెండు జిరాక్సులు."

టైలరమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది. కాలర్ దగ్గర కుట్టు ఊడింది. మిగతాదంతా బాగానే ఉంది.

పెళ్లి గురువారం, డాక్టరు ఆ తర్వాతి సోమవారం అనుకున్నారు. ఈలోగా అతను రోజూ గుండీ ఊడిన చొక్కాతో షాపుకొచ్చేవాడు. ఆ గుండీలు అతనే తెంపుకుంటున్నాడని ఆమెకి తెలుసు. తెలిసే, కావాలని వదులుగా కుట్టి పంపేది.

బుధవారం ఆస్పత్రి నుంచి ఫోన్. డాక్టరుగారు సెలవు మీద వెళ్లారు, అందరి తేదీలూ పదకొండు నెలలు వాయిదా.

సాయంత్రం అతను ఆమె ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంక తొందరేం లేదు కదండీ. పదకొండు నెలల టైముంది. పెళ్లి సంగతి మళ్లీ ఆలోచించుకోండి."

"మీకిష్టం లేదా?" అందామె.

"నాకా? మీ వేళ్లకున్న సూదిపోట్లన్నీ లెక్కపెట్టి పెట్టుకున్నాను. నాకైతే రేపటిదాకా ఆగడమే కష్టంగా ఉంది. తేదీ కోసం ఒప్పుకున్న మనిషిని కట్టిపడేయడం న్యాయం కాదని అడిగాను."

కుర్చీలోంచి ఇద్దరి మొహాలూ చూస్తున్న నాన్న, "ఏమైందే?" అని అరిచాడు. ఆయనకి ఏదైనా పలక మీద రాసి చూపించాలి. ఆమె రాసింది: డాక్టరు పదకొండు నెలలు వాయిదా. మరి పెళ్లి?

ఆయన రెండుసార్లు చదివాడు. వీధి చివరిదాకా వినపడేలా అన్నాడు.

"డాక్టరెలాగూ దొరకలేదు. దొరికినవాణ్ణి కూడా గుమ్మంలో నిలబెడతావేంటే? లోపలికి రమ్మను."