జిగురు పని మాత్రం నాది

పొద్దున ఎనిమిదైనా కాలేదు. వీధి గదిలో స్టాండుకి బిగించిన సైకిలు చక్రం ముందు కూర్చుని కోడలు ఆఖరి బెండు తీస్తోంది. ఒక్కో పుల్లనీ గోటితో మీటడం, శబ్దం వినడం, చిన్న కీతో పావు తిప్పు బిగించడం. ఇరవై నాలుగు పుల్లలూ ఒకే శ్రుతిలో పలికితే తప్ప ఆవిడ లేవదు. మామూలు చక్రమైతే ముప్పై ఆరు పుల్లలుంటాయి, ఒకటి వదులైనా పక్కవి మోస్తాయి. ఇది పాతకాలపు రేసు బండిది. దీనికి సరిపడే పుల్లలు ఎక్కడా దొరక్క, ఒక్కోటీ కోసి, మర వేసి, తొమ్మిది రోజులు కష్టపడింది.

గది గోడల నిండా పాత రేసు సైకిళ్ళే, అన్నీ వింత బళ్ళే. ఒకదానికి సీటు కింది గొట్టం విల్లులా వంగి ఉంటుంది. ఒకదానికి ముందు చక్రం వెనకదానికంటే జానెడు చిన్నది. ఇంకోదానికి రిమ్ములే చెక్కవి. అవన్నీ మావయ్య యాభై ఏళ్ళుగా వెతికి, బతిమాలి, భుజాన మోసుకొచ్చినవి. అలాంటి బళ్ళకి చక్రాలు కట్టడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. పేరు ఆయనదే. చేతులు మాత్రం ఏడేళ్ళుగా కోడలివి.

మావయ్యకి చేతులు వణకడం మొదలైనప్పుడు, పక్కన కూర్చుని పని నేర్చుకున్న కోడలే కీ అందుకుంది. "కొన్నాళ్ళు ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు మొగుడు. ఆ కొన్నాళ్ళు ఏడేళ్ళయ్యాయి! మావయ్య ఒక్క పని మాత్రం ఆవిడకి వదల్లేదు. ఈ రేసు టైర్లని రిమ్ముకి జిగురుతో అంటించాలి. చక్రం పూర్తవగానే ఆయన "జిగురు పని మాత్రం నాది. నువ్వెళ్ళి టీ పెట్టుకో అమ్మాయ్" అని తలుపేసుకునేవాడు. పెద్దాయనకి ఆ ఒక్క పనైనా మిగలనీ అని ఆవిడా ఊరుకునేది.

మొగుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"పదింటికి పళ్ళ డాక్టరు వస్తున్నాడు. చక్రం తీసుకెళ్ళడానికే కాదు. ఆయనున్న పాత రేసు బళ్ళ సంఘం వాళ్ళు నాన్నకి సన్మానం చేస్తారట, ఫొటో కావాలట."

"దేనికి సన్మానం?"

"ఇన్నేళ్ళూ కట్టిన చక్రాలకి. నువ్వు కాసేపు లోపలుండు. అన్నట్టు చేతులు కడుక్కో. గోళ్ళలో ఆ నూనె చూస్తే అనుమానం వస్తుంది."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అనుమానమా? నేనేమన్నా దొంగతనం చేశానా?"

"అబ్బా, పొద్దున్నే మొదలెట్టకు. వాళ్ళొచ్చేది నాన్న పేరు చూసి."

"పుల్లలు కోసి కోసి వేళ్ళు చీరుకుపోయాయి నాకు. సొమ్మొకడిది, సోకొకడిదా?"

"ఇంటి పేరు కోసం ఆ మాత్రం సర్దుకోలేవా?"

"ఏడేళ్ళుగా సర్దుకుంటూనే ఉన్నాగా! నేను ఇంకెక్కడికి సర్దుకోను, గోడలోకా?"

మూల కుర్చీలో మావయ్య తల దించుకుని కూర్చున్నాడు. మొగుడు అన్నదానికంటే ఆ మౌనమే ఆవిడకి ఎక్కువ మండింది. పని నేర్పిన మనిషి, ఏ చక్రం ఎవరు కట్టారో తెలిసిన మనిషి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాడా?

చేతులు కడుక్కోకుండానే లోపలికెళ్ళింది.

పళ్ళ డాక్టరు సరిగ్గా పదింటికి వచ్చాడు. చేతిలో ఒక పాత చక్రం. నాలుగేళ్ళ క్రితం ఇక్కడే కట్టించుకున్నది, టైరు పగుళ్ళిచ్చింది, మార్చాలట. కొత్త చక్రాన్ని చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"పెద్దాయనా, మీ చేతులకి దండం పెట్టాలి! ఏదీ, ఆ కీ పట్టుకోండి, ఒక్క ఫొటో."

"నాన్నకి ఇది వెన్నతో పెట్టిన విద్యండీ" అన్నాడు మొగుడు.

మావయ్య కీ అందుకున్నాడు. వేళ్ళు గజగజ వణికాయి. కీ జారి బండల మీద ఖంగుమంది. డాక్టరు ఫోను దించి ఆ చేతుల వంకే చూశాడు. ఆయన కూడా చేతుల మీద బతికేవాడే.

"పొద్దుట్నుంచీ కాస్త నీరసం..." మొగుడు నసిగాడు.

ఇక తలుపు వెనక నిలబడటం ఆవిడ వల్ల కాలేదు.

"నీరసం కాదండీ. ఏడేళ్ళుగా ఆయన కీ పట్టుకోలేదు. ఈ చక్రం కట్టింది నేను. మీ చేతిలో ఉందే, అదీ నేనే."

మొగుడు గబగబా నవ్వేశాడు. "మా ఆవిడకి హాస్యం ఎక్కువండీ!"

"హాస్యమా?" ఆవిడ మావయ్య వైపు తిరిగింది. "మావయ్యా, మీరైనా చెప్పండి."

మావయ్య వంగి, కింద పడ్డ కీ తీయబోయాడు.

అంతే. ఆవిడ డాక్టరు చేతిలోని పాత చక్రం లాక్కుంది. "సరే! చక్రాలు కట్టేది నేను కాదుగా. ఈ టైరు మార్చే పనైనా చేసి పెడతాను."

"వద్దమ్మాయ్!" మావయ్య ఒక్కసారిగా లేచాడు. "ఆ టైరు తియ్యకు! జిగురు పని నాది!"

ఆ మాట అగ్గిలో ఆజ్యం పోసినట్టయింది. ఆవిడ బొటనవేళ్ళు టైరు కిందికి దూర్చి ఒక్క గుంజు గుంజింది. ఎండిన జిగురు పటపటలాడుతూ ఊడింది. జానెడు, మూరెడు... ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

పసుపు రంగు జిగురు కింద, రిమ్ము మీద, మేకుతో గీసిన అక్షరాలున్నాయి. ఒకటి ఎక్కి, ఒకటి దిగి, వణికిపోతున్న అక్షరాలు.

'కట్టింది నా కోడలు. నేను కాదు.'

ఆవిడ ఆ మాటల్ని రెండుసార్లు చదివింది.

"ఎన్ని చక్రాల మీద రాశారు మావయ్యా?"

"అన్నింటి మీదా. ఏడేళ్ళుగా నువ్వు కట్టినవాటన్నింటి మీదా."

ఆవిడ కళ్ళు నిండిపోయాయి, కానీ కోపం ఇంకా దిగలేదు. నిజానికి అప్పుడే పెరిగింది.

"టైరు కిందా? రాసి, దాని మీద జిగురు పూసి, టైరు కప్పి మరీ పెట్టారా? అక్కడ ఎవరు చూస్తారని? పొద్దున మీ అబ్బాయి నన్ను అన్ని మాటలంటుంటే మీకు నోరెందుకు రాలేదు?"

మావయ్య స్టాండు పట్టుకుని నిలబడ్డాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"పిరికితనమమ్మా. నీకు పేరొస్తుందని కాదు. నా చేతులు పోయాయని నలుగురిలో ఒప్పుకోవాలిగా, అదే చేతకాలేదు. అబద్ధం ఆడలేక లోపల రాశాను, నిజం చెప్పలేక పైన జిగురు పూశాను. తప్పు వీడిదంటున్నావు గానీ, అసలు దొంగని నేను."

తర్వాత డాక్టరు వైపు తిరిగాడు. "బాబూ, సన్మానం ఈ అమ్మాయికి చెయ్యండి. నేను పని నేర్పాను, అంతవరకే. ఇప్పుడు నాకంటే బాగా కడుతోంది."

డాక్టరు తలూపాడు. "నాలుగేళ్ళుగా తొక్కుతున్నాను, ఈ చక్రానికి ఒక్కసారి కూడా బెండు రాలేదు. ఇది ఎవరు కట్టారో నేనే అడగాల్సింది" అన్నాడు.

మావయ్య బల్ల సొరుగులోంచి మేకు తీసి, ఇంకా టైరు అంటించని కొత్త చక్రం దగ్గరికొచ్చాడు. మొగుడు మొహం పాలిపోయింది. తలెత్తకుండానే "ఇటివ్వండి నాన్నా, నేను రాస్తాను" అన్నాడు.

"ఆయన్నే రాయనివ్వండి" అంది కోడలు. "మీరు వెళ్ళి టీ పెట్టండి."

మొగుడు ఊడిన టైరు వంక ఒకసారి చూసి వంటింట్లోకి నడిచాడు.

ఆవిడ చక్రాన్ని రెండు చేతులా కదలకుండా పట్టుకుంది. నూనె గోళ్ళు డాక్టరుకి కనిపిస్తూనే ఉన్నాయి. మావయ్య ఈసారి జిగురు అంటే చోట కాకుండా, రిమ్ముకి బయటి పక్కన, తళతళలాడే చోట మేకు ఆనించాడు.

"అయ్యయ్యో, బయటా! అరుదైన రిమ్మండీ అది!" డాక్టరు గుండె పట్టుకున్నాడు.

మావయ్య ఆగలేదు. మూడు మాటలు గీయడానికి చాలాసేపు పట్టింది. కట్టింది నా కోడలు. చివరి అక్షరం పక్కకి జారి పుల్ల దాకా వెళ్ళింది.

"రాత వంకరే బాబూ" అన్నాడు మేకు కింద పెడుతూ. "చక్రం తిప్పి చూడు."

కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుని చక్రాన్ని ఒక్క తోపు తోసింది. అది వెంట్రుకవాసి కూడా పక్కకి పోకుండా తిరుగుతూనే ఉంది.