చక్రాల మీద దుమ్ము

వెండెల్ ట్రాస్టిల్ తన ట్రైలర్ కింద వెల్లకిలా పడి ఉన్నాడు. ఛాతీ అణిగిపోయింది. ప్రాణం లేదు.

అతని తలకి కాస్త పైన, ట్రైలర్ ముందు భాగం మీద, కొత్త ఇన్‌స్పెక్షన్ స్టిక్కరు మెరుస్తోంది. ఈ బండికి ఏడాదిపాటు ఢోకా లేదని దానర్థం.

బండికి నిజంగానే ఢోకా లేదు.

మే ముప్ఫై ఒకటి. పోలీసులకి ఫోన్ వచ్చింది మధ్యాహ్నం రెండు యాభైకి. కౌంటీ డిటెక్టివ్ నోరీన్ హాకెన్‌బెర్రీ మడ్డీ ఫోర్క్ క్యాంపు చేరేసరికి మూడున్నర దాటింది. చివరి మైలు రోడ్డు ఆమె కారుని మింగి, నమిలి, ఉమ్మేసింది.

ఆ రోడ్డు బురద సంగతి పెన్సిల్వేనియా కొండల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒక ఏడాది వసంతంలో ఓ వ్యాను అందులో దిగబడింది. డ్రైవరు మూడు వారాలు లోపలున్న జున్నుముక్కలు తిని బతికాడట. వ్యాను బయల్దేరినప్పుడు అందులో ఉన్నవి పాలు!

నమ్మకపోతే మానెయ్యండి. బురదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

క్యాంపులో పదకొండు ట్రైలర్లు. సెలవుల్లో కారు వెనక తగిలించుకుని షికారు తిరగడానికి చేసిన బండ్లు. ఇక్కడివాళ్ళు షికారు తిరగరు. ఏడాది పొడుగునా వాటిలోనే కాపురం. వేరే చోటు లేదు.

ఊరి పాలన చూసే టౌన్‌షిప్ వాళ్ళ రూలు ఒక్కటే. ఏటి ఒడ్డు, వరద నేల, అక్కడ ఇళ్ళు ఉండకూడదు. బండ్లు ఉండొచ్చు. బండి అని రుజువేమిటి? ఏటేటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్. స్టిక్కరు ఉంటే అది బండి. లేకపోతే అదే రేకుల పెట్టె ఇల్లయిపోతుంది. ఇల్లయిన మరుక్షణం అక్కడ ఉండటానికి వీల్లేదు.

గడువు మే ముప్ఫై ఒకటి.

నోరీన్ మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక మోకాలు తిట్టింది. పట్టించుకోలేదు.

"ఎవరు చూశారు ముందు?"

"నేనేనండీ." క్యాంపు మేనేజరు లమార్ ముందుకొచ్చాడు. పొడుగాటి మనిషి. టోపీ చేతిలో నలుగుతోంది. "జాకీ జారింది. బ్రేకు చూసుకుందామని కిందికి దూరాడు."

"పొద్దున పాసయిన బ్రేకునా?"

లమార్ టోపీ మరో చుట్టు తిప్పాడు.

"వెండెల్‌కి చాదస్తం ఎక్కువండీ."

"నాలుగు చక్రాలూ బండికే ఉన్నాయి, లమార్. జాకీ జారితే బండి చక్రాల మీద కూర్చుంటుంది. మనిషి మీద కాదు. చక్రం ఊడదీసి ఉంటేనే ఛాతీ ఇలా అవుతుంది."

"ఏమోనండీ. నేను వచ్చేసరికి ఇలాగే ఉంది."

"పోయినవారం మీరిద్దరూ కొట్టుకున్నారట?"

"ఎవరు చెప్పారు? కొట్టుకోవడమేంటండీ, చేప గురించి కాస్త మాటా మాటా అనుకున్నాం! వాడు పట్టింది మూరెడు. బారెడని చెప్పుకు తిరుగుతుంటే ఎవడు ఊరుకుంటాడు?"

చెబుతూనే లమార్ ముఖం ముడుచుకుపోయింది. ఏడుపు ఆపుకుంటున్నాడు. నోరీన్ అది చూసింది.

పక్క ట్రైలర్ ఆర్డిత్ కుంకెల్‌ది. డెబ్బై దాటిన మనిషి. ముప్ఫై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపింది. ఇప్పటికీ ఎదుటివాణ్ణి వెనక సీటు అల్లరిపిల్లాణ్ణి చూసినట్టు చూస్తుంది. ఆమె ట్రైలర్ మీద కూడా ఆరోజు తేదీ స్టిక్కరే. లోపల ఆమె భర్త ఎమొరీ. ముక్కులో ఆక్సిజన్ గొట్టం, దాని వెనక గురగురలాడే మిషను.

"నువ్వేమైనా విన్నావా పెద్దాయనా?"

"బేస్‌బాల్ విన్నాను," అన్నాడు ఎమొరీ. "రేడియోలో."

"బయట ఏమీ వినపడలేదా?"

"ఈ మిషను పక్కన కూర్చుంటే పిడుగు పడినా వినపడదమ్మాయ్," అంది ఆర్డిత్. "కాఫీ తాగుతావా, ఇంకా ప్రశ్నలే తాగుతావా?"

నోరీన్ కాఫీ తాగింది. కిటికీలోంచి చూస్తే వెండెల్ ట్రైలర్ ఏటివైపు గుమ్మం బయట ఖాళీ మడత కుర్చీ ఒకటి ఉంది. ఆ వైపు మరో కుర్చీ లేదు.

మర్నాడు పొద్దున డాక్టరు ఫోన్ చేశాడు. శవపరీక్ష ఆయనదే.

"పోయింది మధ్యాహ్నం ఒంటిగంట లోపే. పక్కటెముకలు విరిగి లోపల నెత్తురు కారింది. నిదానంగా పోయాడు. ఇంకో సంగతి. పడుకుని పోలేదు. కూర్చుని పోయాడు. నెత్తురంతా కాళ్ళలోకి దిగింది."

"మరి కింద పడుకోబెట్టిందెవరు?"

"అది నీ ఉద్యోగం. ఆయన ఆక్సిజన్ వాడేవాడా?"

"వెండెలా? దున్నపోతులాంటి మనిషి!"

"బుగ్గల మీద, చెవుల వెనక గొట్టం నొక్కిన గీతలున్నాయి. పోయేటప్పుడు పెట్టుకుని ఉన్నాడు."

నోరీన్ ఫోన్ పెట్టేసిందో లేదో పై అధికారి నుంచి ఇంకోటి. శవాన్ని జరిపారంటే హత్యే. లమార్‌ని సాయంత్రంలోపు లోపలెయ్యండి.

ఆమె ఊళ్ళోని గ్యారేజీకి వెళ్ళింది. ట్రైలర్ల ఇన్‌స్పెక్షన్ అంతా క్లీటస్ బోయర్ చేతి మీదుగానే. పొట్ట ముందు నడిస్తే తను వెనక నడిచే రకం.

"వెండెల్ బండి చూశావా?"

"నిన్న పొద్దున చూశా మేడమ్. బ్రేకులు, లైట్లు, గొలుసులు, టైర్లు. అన్నీ పాసు."

"టైర్లెలా ఉన్నాయి?"

"పెళ్ళికొడుకు బూట్లలా ఉన్నాయి."

"ఆర్డిత్ బండి?"

"అదీ నిన్ననే. నా శాండ్‌విచ్ సగంలో ఉంది. ఒంటిగంట దాటి ఉంటుంది. వెండెల్ పికప్‌కి కట్టి తనే తోలుకొచ్చింది, మహాతల్లి."

"దాని టైర్లు?"

"బాగున్నాయి."

"ఎంత బాగా?"

క్లీటస్ చేతులు తుడుచుకున్నాడు. శుభ్రమయ్యాక కూడా తుడుచుకున్నాడు.

"పెళ్ళికొడుకు బూట్లలాగే."

"పెళ్ళికొడుకు ఒక్కడేనా?"

"మేడమ్, టైరు మంచిదా కాదా చూడటం నా పని. నీ పేరేంటి, నువ్వెవరింటి దానివి అని టైరుని అడగమని రూల్లో లేదు."

"కారెక్కు," అంది నోరీన్.

మధ్యాహ్నం నోరీన్‌తో కలిపి అయిదుగురు ఆర్డిత్ ట్రైలర్లో ఇరుక్కున్నారు. ఎమొరీ కుర్చీలో. ఆర్డిత్ పొయ్యి దగ్గర. లమార్ గుమ్మంలో. క్లీటస్‌కి బెంచీ చాల్లేదు, సగం మనిషి గాల్లో ఉన్నాడు.

"రాత్రి మా ఇంటి ముందు కారు కడిగాను," అంది నోరీన్. "ఒక్కసారి ఈ రోడ్డు మీద వచ్చినందుకు టైర్లకి రెండు బకెట్ల బురద. అప్పుడు వెలిగింది. వెండెల్ బండి నిన్న ఈ రోడ్డు మీదే వెళ్ళొచ్చింది. అడుగున బురద. చక్రాల పైన రేకుకి బురద. ఇంకా తడి ఆరలేదు. చక్రాల మీద మాత్రం దుమ్ము. నిరుటి దుమ్ము. ఒకదాని లోపల కందిరీగ కట్టిన మట్టిగూడు చెక్కుచెదరకుండా ఉంది. నేను చూశాను. చూసి కూడా చూడలేదు."

మిషను గురగురలాడింది.

"ఆ చక్రాలు నిన్న ఎక్కడికీ వెళ్ళలేదు. గ్యారేజీకి వెళ్ళినవి వేరే. పదకొండు బండ్లకీ చక్రానికి ఆరు బోల్టులే, ఒకదానివి ఇంకోదానికి పడతాయి. పొద్దున లెక్కపెట్టాను. క్యాంపు మొత్తానికి మంచి చక్రాలు నాలుగే. అవునా లమార్?"

లమార్ ఆర్డిత్ వైపు చూశాడు. ఆర్డిత్ పొయ్యి వైపు చూసింది.

"ఆరు బోల్టుల బండైతేనే ఇక్కడ చోటిస్తాం," అన్నాడు లమార్ చివరికి. "మొదటినుంచీ అంతే. వసంతంలో ఒకరి తర్వాత ఒకరికి వేస్తాం. పాసయ్యాక పాతవి బిగిస్తాం. ఈ ఏడు వానలకి అన్నీ ఆలస్యమయ్యాయి. ఆఖరి రోజుకి రెండు బండ్లు మిగిలాయి. వెండెల్‌ది, ఆర్డిత్‌ది."

"బండి కింద ఆనించే దిమ్మలు పెట్టకుండా చక్రం ఊడదీశారా?"

"దిమ్మలు కూడా ఒక్క సెట్టేనండీ. ఆర్డిత్ బండిని చక్రాలు తీసేసి వాటి మీద ఎత్తిపెట్టాం, తయారుగా ఉంటుందని. వెండెల్ బండి ఉత్త జాకీ మీద ఉంది. నట్టు ఒకటి కిందికి దొర్లింది. చెయ్యి పెడితే సరిపోయేది. వాడు ఛాతీ పెట్టాడు."

లమార్ గుమ్మం చెక్క పట్టుకున్నాడు.

"మళ్ళీ జాకీ ఎత్తి నేనే లాగాను. లేచాడు. నన్ను, జాకీని, టౌన్‌షిప్‌ని వరసగా తిట్టాడు. అంబులెన్స్ పిలుస్తానన్నాను. 'పిలిచావంటే నిన్ను ఏట్లో తోస్తా' అన్నాడు. 'వాళ్ళొస్తే వెనకే పోలీసులొస్తారు. నా బండికి రెండు చక్రాలు, పక్కబండికి సున్నా. చూస్తే పదకొండు ఇళ్ళూ పోతాయి. ముందు చక్రాలు మార్చండి. ఆర్డిత్ వెళ్ళొచ్చాక చూద్దాం. నాకేం, ఊపిరి పట్టిందంతే' అన్నాడు."

"నువ్వు నమ్మావా?"

"నమ్మాలనుకున్నానండీ."

నోరీన్ ఎమొరీ వైపు తిరిగింది.

"గొట్టం నీది."

ఎమొరీ చెయ్యి గొట్టం మీదికి పోయింది.

"మా బండి గ్యారేజీకి పోతోందని నన్నూ మిషన్నీ వెండెల్ ట్రైలర్లో పెట్టారు. వాడు గుమ్మం బయట ఆ కుర్చీలో కూర్చున్నాడు. గొట్టం సరిగ్గా అంతవరకే అందుతుంది," అన్నాడు. "మొహం నీలంగా అవుతోంది. తీసి వాడికి పెట్టాను. కాసేపు వాడు, కాసేపు నేను. 'ఏంట్రా, ఇన్నాళ్ళూ ఈ గాలి ఒక్కడివే తిన్నావా, పిసినారీ' అన్నాడు. ఆట ఎంతవరకొచ్చిందో చెప్పమన్నాడు. లోపలికి వంగి రేడియో విన్నాను. చెబుదామని ఇటు తిరిగాను."

అతను గొట్టం ముక్కులో సరిచేసుకున్నాడు.

"నేను స్టిక్కరు ఊపుకుంటూ దిగాను," అంది ఆర్డిత్. "వాడికి చూపిద్దామని."

పొయ్యి ఆర్పేసి ఆమే మళ్ళీ అంది. "కింద పడుకోబెట్టమన్నది నేనే. లమార్‌ది తప్పు లేదు. అమ్మాయ్, నీకంతా తెలిసింది కదా. జాకీ జారిందని రాసి ఊరుకో. అబద్ధం కూడా కాదు."

"ఊరుకుంటే లమార్ మీద హత్య కేసు పడుతుంది. డాక్టరు చెప్పింది చెప్పేశాడు."

"రాస్తే?"

"లమార్ బయటపడతాడు."

"మేము?"

పోలీసు ఉద్యోగంలో నోరీన్ ఎన్నో గదుల్లో దొంగని చూపించి వేలెత్తింది. ఈ గదిలో వేలు ఎటు పెట్టాలో తెలియలేదు.

"నన్ను లోపలెయ్యండి," అన్నాడు లమార్ గుమ్మంలోంచి. "నాకు పెళ్ళామా, పిల్లలా?"

"నోర్ముయ్యరా," అంది ఆర్డిత్. కళ్ళు తుడుచుకోలేదు. "రాయమ్మా. ఉన్నదున్నట్టు రాయి. వీణ్ణి జైల్లో పెట్టి ఆ స్టిక్కరు కింద నేను నిద్రపోలేను."

నోరీన్ రాసింది. లమార్ బయటపడ్డాడు. అదే రిపోర్టు టౌన్‌షిప్ వాళ్ళూ చదివారు. పదకొండు స్టిక్కర్లూ గోకేశారు. క్లీటస్ లైసెన్సు పోయింది. క్యాంపుకి నోటీసు వచ్చింది. నెలలోపు బండ్లు తీసేయాలి.

నోటీసు పట్టుకొచ్చింది నోరీనే. వేరేవాళ్ళ చేత పంపడానికి మనసొప్పలేదు.

ఆర్డిత్ చదివింది. కళ్ళద్దాలు తీసింది.

"పోతాం. మంచి చక్రాలు ఇప్పించు. ఒక్కో బండీ లాక్కుని పోతాం. బోడి టైర్ల మీద ఈ బురద దాటలేం కదా."

"అవి సాక్ష్యం, ఆర్డిత్. క్లీటస్ మీద స్టిక్కర్ల కేసు ముగిసేదాకా స్టేషన్లో ఉండాలి."

"ఎప్పుడు ముగుస్తుంది?"

"చలికాలానికి."

ఆర్డిత్ నవ్వింది. వెనక సీటు పిల్లాడు మరీ తెలివితక్కువ అబద్ధం చెబితే నవ్వినట్టు.

"అయితే ఉండటానికి వీల్లేదు, పోవడానికీ వీల్లేదు. మీ రూలు భలే సేఫ్టీ అమ్మాయ్."

నోరీన్ మూడుసార్లు అర్జీ పెట్టింది. మూడుసార్లూ కాదన్నారు. జులైలో క్యాంపుకి కరెంటు తీసేశారు. మిషను ఆగింది. ఎమొరీని ఆసుపత్రిలో పెట్టారు. ఆగస్టు అతను చూడలేదు.

వానలు తగ్గాక క్రేను వచ్చి పదకొండు బండ్లనీ అక్కడే నలిపి ఎత్తుకుపోయింది. రోడ్డు దాటేటప్పుడు అదీ దిగబడిందట. దాని డ్రైవరు ఏం తిని బతికాడో ఎవరూ కథ కట్టలేదు. కట్టేవాళ్ళు అక్కడ లేరు.

స్టేషన్ వెనక గదిలో ఆ నాలుగు చక్రాలూ ఇంకా ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక నంబరు చీటీ వేలాడుతోంది. కోర్టు కోసమని పక్క కౌంటీ మెకానిక్ ఒకడు వచ్చి పరీక్ష చేశాడు.

నాలుగూ పాసయ్యాయి.