ఖాళీ చేసిన డిస్కు

కొట్టతను బల్లమీద రెండు రకాల హార్డ్ డిస్కులు పెట్టాడు. కొత్తవి చిన్నవి, గ్యారంటీ ఉంది. వాడినది ఒక్కటే ఉంది, కానీ చోటులో మూడు కొత్తవాటికి సమానం.

"కొత్తవి తీసుకోండి తాతగారూ. ఆ పాతది ఇప్పటికే రెండుసార్లు తిరిగొచ్చింది."

"ఏం రోగం దానికి?"

"ఎంత ఖాళీ చేసినా దానంతటదే నిండుతోందట."

"వాళ్లకి చేతకాలేదు" అన్నాను. కరెంటు ఇప్పించి చెవి దగ్గర పెట్టుకున్నాను. మోటార్లు బాగుచేసి బాగుచేసి అరిగిన చెవి ఇది. గరగర లేదు. ఎవరో మెల్లగా ఊపిరి తీస్తున్నట్టుంది, అంతే.

ఇంట్లో ఒకరకం క్రిప్టో నాణేలు, అదే కంప్యూటరు డబ్బు, పండించాలంటే కావలసింది డిస్కులో చోటు. డిస్కు నిండా పెద్ద పెద్ద ఫైళ్లు రాసి పెట్టుకుని కూర్చోవాలి. వాటిలో ఒకటి ఎప్పుడో లాటరీ చీటీలా తగిలితే నాణెం మనది. ఎంత చోటుంటే అన్ని చీటీలు. అందుకే పెద్దదే కొన్నాను.

కంప్యూటరు మా ఆవిడ పడుకునే గదిలోనే ఉంది. ఆవిడ తుంటి ఎముక విరిగి ఈమధ్యే అతుక్కుంది. ఇంకోసారి పడితే ఇక లేవదని డాక్టరు చెప్పాడు. మంచం దిగాలంటే నా భుజం పట్టుకోవాల్సిందే.

మొదటి రోజే పేచీ. సగం ఫైళ్లు రాసేసరికి చోటు లేదంది డిస్కు. చూస్తే నేను రాయనిదేదో అందులో తిష్ఠ వేసింది. పేరు లేదు, తెరుచుకోదు. తుడిచేశాను. సాయంత్రానికి మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచాను. కేబులు మార్చాను, ఫార్మాట్ చేశాను. ఇక తల గోడకేసి కొట్టుకోవడమే మిగిలింది.

"కాస్త చోటే కదా, ఉండనివ్వండి" అంది ఆవిడ.

"నా డిస్కులో ఊరికే పడి ఉండటానికి అదేమన్నా నీ తమ్ముడా?"

ఆవిడ నవ్వలేదు. మంచం అంచున పడుకుని ఉంది, ఒక చెయ్యి కిందికి వేలాడేసి.

"అంత చివరికెందుకు పోయావే? పడతావు." పట్టుకుని మధ్యకి జరిపాను. అక్కడ పరుపు చల్లగా తగిలింది.

"మీరు తుడిచినప్పుడల్లా..." గొంతు తగ్గించింది. "నన్ను జరగమంటోంది."

"ఎవరు?"

ఆవిడ డిస్కు వైపు చూసింది.

నాకు ఒళ్లు మండింది. ఇనప డబ్బా నన్ను గెలుస్తుందా? ఈ కొస నుంచి ఆ కొసదాకా అంతా తుడిచే పని పెట్టాను. అది పూర్తయ్యేసరికి మర్నాడు మధ్యాహ్నం. బయట వాన, గదిలో తడి గోడల వాసన. డిస్కు తిరుగుతూనే ఉంది... ఊపిరి చప్పుడు మాత్రం లేదు.

వెనక మంచం కిర్రుమంది.

ఆవిడ మళ్లీ అంచున ఉంది. సగం వీపు గాల్లో... ఉరికి పట్టుకున్నాను.

"దాన్ని తీసుకెళ్లిపోండి... మీకు దణ్ణం పెడతాను."

ఆ మాటతో నా పంతం దిగిపోయింది. ఆవిడని మధ్యలో పడుకోబెట్టి, అటూ ఇటూ దిండ్లు పేర్చి, డిస్కు ఊడబీకి వానలోనే కొట్టుకి పరిగెత్తాను.

కొట్టతను తగిలించి చూశాడు. "భలే తాతగారూ! శుభ్రంగా ఖాళీ. మాకెవ్వరికీ పోలేదు అందులోది, ఎలా పంపించారు?"



డిస్కులో లేదు... మరి?

ఇంటికెలా వచ్చానో తెలియదు. గది తలుపు తోశాను. ఆవిడ నేలమీద ఉంది. పడలేదు. ఎవరో పడుకోబెట్టినట్టుంది. తలకింద దిండు, మెడదాకా దుప్పటి. దుప్పటి అంచులు చుట్టూ ఒంటికిందికి దోపి ఉన్నాయి.

కళ్లు తెరిచే ఉంది.

"మెల్లగా..." అంది. "ఇప్పుడే నిద్రపట్టింది."

మంచం ఖాళీ. పరుపు మాత్రం మనిషంత మేర పల్లంగా దిగి ఉంది. నేను చూస్తుండగానే... ఆ పల్లం గోడవైపు ఒత్తిగిలింది.