గుర్తు లేని బట్టలు

"ఎవరినడిగి గీడ ఆరేసినవ్?"

వినోద టీచర్ స్కూటీకి సరిగ్గా స్టాండు కూడా వేయలేదు. సుల్తానాబాద్ మెయిన్ రోడ్డు మీద, శ్రీహరి లాండ్రీ ముందు, తాడుకు ఒక తెల్ల నిక్కరు వేలాడుతోంది. దాని వెనక అరచేయంత గోధుమరంగు మరక. బస్సు కోసం నిలబడ్డ నలుగురూ దాన్నే చూస్తున్నారని ఆమెకు అనిపించింది. నిజానికి వాళ్లు బస్సు కోసమే చూస్తున్నారు.

"ఎండ తగలాలె టీచర్. నిమ్మరసం, ఉప్పు పెట్టిన. జర పలుచబడ్తదేమోనని."

"మరక రోడ్డు దిక్కు తిప్పాల్నా?"

"ఎండ రోడ్డు దిక్కే ఉంది. నేను తిప్పలే."

శ్రీహరి అరిచి ఉంటే ఆమెకు సులువుగా ఉండేది. అరవలేదు. ఇస్త్రీ చేయాల్సిన బట్టల మీద నీళ్లు చల్లుకుంటున్నాడు.

నాలుగు రోజుల కింద, వినోద ఆటలు నేర్పే గురుకులం గ్రౌండులో కబడ్డీ ప్రాక్టీసు మ్యాచ్ జరిగింది. తొమ్మిదో తరగతి మమతారాణి టీములో అందరికన్నా మంచి రైడర్. కూతకు వెళ్లి తిరిగొస్తుంటే అవతలి స్కూలు పిల్లలు నవ్వారు. నెలసరి వచ్చిందని ఆ నవ్వులు విన్నాకే ఆ పిల్లకు తెలిసింది. అప్పటినుంచి గ్రౌండుకు రావడం లేదు. ఆదివారం కరీంనగర్‌లో ఫైనల్. 'తెల్ల నిక్కరేస్కొని మళ్ల రాను టీచర్, అందరు ఎన్కనే చూస్తరు' అంది.

ఆ మాటలన్నీ వినోద ఇప్పుడు శ్రీహరి మొహం మీద విసిరేసింది, తప్పంతా అతనిదే అయినట్టు.

"నెత్తురు గింత గట్టిగ పట్టదు టీచర్. చల్లనీళ్లల్ల నానబెడ్తె పోతుండె. ఎవరో మరిగే నీళ్లు పోసిన్రు."

వినోద కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంది. హాస్టల్ వంటగది నుంచి ఆ మరిగే నీళ్ల బకెట్టు మోసుకొచ్చింది తనే. మురికి ఎంత మొండిదైతే నీళ్లు అంత మరగాలని ఆమె నమ్మకం. కోపాన్ని కూడా అలాగే వాడుతుంది. తను కూడా తొమ్మిదిలో ఇలాంటి మరక వల్లే రెండేళ్లు ఆట మానేసింది. అప్పుడు నవ్వినవాళ్ల మొహాలు గుర్తు లేవు. వాళ్ల మీది కోపం మాత్రం ఎవరు దొరికితే వాళ్ల మీద పడుతూనే ఉంది.

"పోతదా, పోదా?"

"పోదు."

"మరి గీ లాండ్రీ ఎందుకు నీకు?"

"పోయేటియి పోగొట్టేటందుకు."

ఆమెకు ఇంకేదైనా కావాలి, పట్టుకుని కొట్లాడటానికి. దొరికింది. "ఎవరియి ఎవరికో తెల్వనీకి అందరి బట్టలకు కాలరు లోపల నల్లజీడి గింజ రసంతోని గుర్తు పెడ్తవ్. రెండేండ్ల నుంచి నావాటి మీద ఒక్కటి లేదు. మారిపోతే జవాబెవరు?"

అతని చెయ్యి ఇస్త్రీ మీద ఆగింది. "మీవి మారయ్."

"గంత నిర్లక్ష్యమా?"

అతను ఇస్త్రీ పెట్టెను మళ్లీ కదిలించాడు. "మిగిలిన టీమోళ్ల పదకొండు నిక్కర్లు గుడ పంపుర్రి, ఇస్త్రీ చేస్త" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం వినోద, మూట పట్టుకోవడానికని చెప్పి మమతారాణిని స్కూటీ వెనక ఎక్కించుకొచ్చింది. దారిలో ఫైనల్ ఆడమని బతిమాలాలనుకుంది, బదులుగా స్కూటీ స్పీడు పెంచింది. లాండ్రీ ముందు దిగి తలెత్తి చూసింది.

తాడుకు పన్నెండు నిక్కర్లు. అన్నీ నల్లవి.

"టీచర్ని నేనా, నువ్వా? యూనిఫారం తెలుపు. ప్రిన్సిపాల్ మేడంకేం చెప్పాలె?"

"లాండ్రోడు ఖరాబ్ చేసిండని చెప్పుర్రి. వచ్చి నన్ను తిట్టుమనుర్రి. మీరు తిడ్తలేరా?"

వినోద ఇంకా ఏదో అనబోయింది. ఈలోగా మమతారాణి తాడు పొడుగునా నడుస్తోంది. ఒక్కొక్క నిక్కరు వెనక్కి తిప్పి చూస్తోంది. ఆ చివరిదాకా వెళ్లి, మళ్లీ ఈ చివరికి వచ్చింది.

"నాదేది అన్నా?"

"తెల్వదు బిడ్డ."

"గుర్తు పెట్టలేదా?"

"పెట్టలే. నాకు గుడ తెల్వొద్దని."

పిల్ల ఒకటి లాగి నడుముకు ఆనించుకుంది. పెద్దదైంది. పక్కది తీసుకుంది. చాలాసేపు దాన్ని పట్టుకునే నిలబడింది.

"రేపు బస్సు ఎన్నింటికి టీచర్?"

వినోద స్కూటీ తాళం జేబులో వేసుకుంటూ, "ఆరింటికి. లేటయితే గ్రౌండు సుట్టు పది రౌండ్లు" అంది. మమతారాణి నవ్వుతూ మూట కట్టడానికి లోపలికి పోయింది.

వినోదకు కోపం ఇంకా ఉంది. పెట్టుకోవడానికే చోటు లేదు.

"మరి నా బట్టలకెందుకు గుర్తు పెట్టవ్?" అంది, గొంతు తగ్గించడం మరిచిపోయి.

శ్రీహరి ఈసారి ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టాడు. "కుడి భుజం మీద చాక్‌పీసు పొడి. మెడకాడ విజిల్ తాడు రంగు. రెండు మోకాళ్లకు ఎర్రమన్ను. పిల్లల లేసులు కట్టనీకి మన్నుల గంతగనం మోకాళ్లూనే టీచర్ ఇంకొకరు లేరు. నూరు జతలల్ల కలిపినా మీవి ఎరుకైతయ్. గుర్తెందుకు?"

"రెండేండ్ల నుంచి ఎరుకా?"

"ఊఁ."

"ఒక్క మాట అనలే?"

"వచ్చినప్పుడల్ల కొట్లాడుడేనాయె. నడుమ సందేది?"

ఆమెకు ఒళ్లు మండింది. రెండేళ్లు వృథా చేసినందుకు, అతని మీదా తన మీదా. "మరిగే నీళ్లు పోసింది నేనే" అంది, తిట్టినట్టుగా.

"ఎరుకే. నిక్కరు తెచ్చిననాడు మీ చెయ్యి బొబ్బలెక్కి ఉండె."

వినోద స్కూటీ సీటు మీదున్న తన తెల్ల ట్రాక్ జాకెట్టు తెచ్చి బల్ల మీద కొట్టింది.

"పెట్టు గుర్తు."

"జీడి మరక పోదు టీచర్. చల్లనీళ్లకు పోదు, వేడినీళ్లకు పోదు. నా దగ్గర దీనికి మందు లేదు."

"పెట్టుమంటున్న గద."

అతను నల్లజీడి గింజలో సూది గుచ్చాడు. అలవాటుగా కాలరు లోపలికి మడవబోతుంటే, ఆమె చటుక్కున ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"లోపల కాదు. రోడ్డు దిక్కు కనబడేటట్టు పెట్టు."