తాళం తీసిన ఫైనల్

ఆదివారం మధ్యాహ్నం అనంతపురంలో ఎవరూ ఇంట్లో నిద్రపోరు. చాప చుట్టి చంకన పెట్టుకుని, దిండు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని తోలుకుంటూ స్టేడియానికి పోతారు. అక్కడ గ్యాలరీ మెట్లు ఎప్పుడో తీసేశారు. వాటి బదులు మెత్తటి పడకలు వరుసలుగా వేశారు. ఎండ పడకుండా పైన నీలిరంగు పందిరి ఉంటుంది. ఊరు ఊరంతా అక్కడ పడుకుని ఒకే కల కంటుంది. 2094లో ఫుట్‌బాల్ చూడటమంటే ఇదే.

దీనికి మూలం కలనేత యంత్రం. పాత మ్యాచ్ వీడియో, ఆటగాళ్ళ ఒంటి మీద సెన్సర్లు పట్టుకున్న కదలికలు, మైదానంలో రికార్డయిన శబ్దం, ఇవన్నీ దానికి పడుగు. పేక మాత్రం నిద్రపోయేవాళ్ళే ఇవ్వాలి. గడ్డి వాసన, వీపు మీద ఎండ, పక్కవాడి మోచేతి పోటు ఏ రికార్డులోనూ ఉండవు. వాటిని మెదళ్ళు తయారుచేస్తాయి. నుదుటి పట్టీ ఆ తరంగాలను అందుకుంటే, యంత్రం ముప్పై వేల కలలను ఒక్కటిగా నేస్తుంది. ఎక్కువ మెదళ్ళు ఏది ఒప్పుకుంటే కలలో అది నిలుస్తుంది.

మొదట్లో ఈ పద్ధతి కొంప ముంచింది. ఏ దేశంవాళ్ళు పడుకుంటే ఆ దేశమే గెలిచేది. పదేళ్ళు తిరక్కముందే, దేశాలన్నీ ఆడే సప్తసాగర కప్పులో ఓడిన దేశమంటూ లేకుండా పోయింది. రెండు దేశాలవాళ్ళు సగం సగం పడుకున్న ఒక గ్యాలరీలో కల రెండుగా చీలి, మొగుడి దేశమూ గెలిచి, పెళ్ళాం దేశమూ గెలిచి, లేచాక ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కు పోయారు. అప్పుడు అంతర్జాతీయ సమితి ఫలితబంధం పెట్టింది. కలలో ఏమైనా చేసుకోండి, స్కోరు మాత్రం చరిత్రలో ఉన్నదే ఉంటుంది అంది. జనం దాన్ని తాళం అన్నారు.

ఆ తాళం వల్లే కప్పు చరిత్ర బతికింది. ఓడరేవులో ఆడిన తొలి ఫైనల్‌లో గాలివాన వచ్చి బంతి సముద్రంలో పడితే, రెండు జట్లూ నీళ్ళలోకి దూకి ఈదుతూ తెచ్చుకున్నాయి. దాన్ని కన్నవాళ్ళు నిద్రలోనే చలికి వణుకుతారు. మూడో టోర్నీలో మంచు ఎంత కురిసిందంటే గోల్ పడిందని కీపర్‌కు ఎవరో వచ్చి చెప్పాల్సి వచ్చింది. ఇవన్నీ అనంతపురం ఇష్టంగా కంటుంది. కానీ ఏటా ఒక ఆదివారం తన సొంత ఫైనల్ కంటుంది. 2051లో ఇదే మైదానంలో ఉరుగ్వే అమ్మాయిల చేతిలో మన అమ్మాయిలు ఓడిపోయిన ఫైనల్ అది. పెనాల్టీల్లో ఆఖరి షాట్ ఎడమవైపు వచ్చింది. మన గోల్‌కీపర్ కుడివైపు దూకింది.

ఆ గోల్‌కీపర్ పేరు కుళ్ళాయమ్మ. గూగూడు స్వామి మొక్కుకు పెట్టిన పేరు. ఇప్పుడు అరవై దాటి చాలా ఏళ్ళయింది. ఊళ్ళో ఆమెను ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమె ప్రాణం తీసింది. బస్సెక్కితే సీటిస్తారు, కూరగాయల దగ్గర గుప్పెడు ఎక్కువ వేస్తారు, వెనక్కి తిరగ్గానే "పాపం" అంటారు. ఆ పాపం వినీ వినీ ఆమెకు ఒళ్ళు మండిపోయేది. గ్యాలరీలో ఆమె ఒక్కసారి కూడా పడుకోలేదు.

ఈ ఏడు ఆ ఆదివారానికి ముందు ఆమె యంత్రం గదికి వచ్చింది. కలనేతను ఈ ఊరికి తెచ్చిన డాక్టర్ నౌరీన్ లేచి కుర్చీ వేసింది. ఆమె కూర్చోలేదు.

"కుర్చీలిచ్చి ఇచ్చి సంపుతాండారు నన్ను. ఒక్కసారి ఆ తాళం తియ్యి తల్లీ."

"అది చట్టం పెద్దమ్మా. నా చేతుల్లో లేదు."

"పరిశోధనకైతే తియ్యచ్చంట కదా. పేపర్లో చదివినాలే. నేనూ పడుకుంటా. ఎడమపక్కకు దూకుతా. సచ్చేలోగా ఒక్కసారి ఆ బంతిని పట్టుకోనీ."

నౌరీన్ వెనక్కి తిరిగి, "కలనేతా, తాళం తీస్తే ఏమవుతుంది?" అని యంత్రాన్ని అడిగింది.

"నిద్రలో ఉన్నవారు దేన్ని గాఢంగా కోరితే అది జరుగుతుంది. పైకి చెప్పేదాన్ని నేను లెక్కలోకి తీసుకోలేను" అంది యంత్రం.

"వాళ్ళు కోరేది ఏందో నాకు తెలుసులే" అంది కుళ్ళాయమ్మ. "నలభై ఏండ్లుగా అందరూ నా మొగం మీదే చెప్తాండారు. నువ్వు ఆపింటే ఎంత బాగుండునో అని."

పరిశోధన పేరు మీద నౌరీన్ ఒప్పుకుంది. ఆదివారం మైకులో విషయం చెప్పగానే స్టేడియం హోరెత్తింది. కుళ్ళాయమ్మ వస్తుంటే పడకల మీదున్నవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన "ఈసారి పట్టేస్తావమ్మా, మేమంతా ఉండాం" అని అరిచాడు. ఆమె చీర కొంగు బిగించి పడుకుంది. నౌరీన్ యంత్రాన్ని దాని మానాన వదిలేసి, తనూ పట్టీ కట్టుకుని పక్క పడకలో వాలింది.

నిద్ర మెల్లగా వచ్చింది. పందిరి నీలం కరిగి ఆకాశమైంది. కుళ్ళాయమ్మ మోకాళ్ళలో నొప్పి లేదు. జడ బిగుతుగా ఉంది, చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, నోట్లో నిమ్మకాయ పుల్లదనం ఉంది. ఆట ఎంతసేపు సాగిందో ఎవరికీ తెలియలేదు. బంతి గాలిలో లేచినప్పుడల్లా ఊరంతా దానితోపాటు తేలి, నెమ్మదిగా కిందికి దిగింది. తర్వాత అంతా నిశ్శబ్దమైపోయింది. ఉరుగ్వే అమ్మాయి బంతిని సున్నం చుక్క మీద పెట్టి, రెండడుగులు వెనక్కి నడిచింది.

కుళ్ళాయమ్మ ఎడమవైపు దూకింది. ఇన్నేళ్ళుగా మంచం మీద, వంటింట్లో, బస్సులో మనసులోనే దూకిన దూకు అది. రెండు అరచేతులకూ బంతి తగిలింది. గ్లవ్స్‌లోంచే బంతి వేడి తెలిసింది. పట్టుకుంది కూడా. ఆనందం ఆమె కడుపులోంచి లేచింది.

బంతి ఆమె చేతులు అక్కడ లేనట్టే వాటిలోంచి దాటి వలలో పడింది.

ఆ తర్వాత కల ఆగలేదు. ఆమె ఎప్పుడూ చూడని భాగం మొదలైంది. నిజంగా ఓడిన రోజున ఆమె వెనక గేటు నుంచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం జనం ఇళ్ళకు పోలేదు. మైదానంలోకి దిగి, ఎవరి భుజం దొరికితే వాళ్ళ భుజం మీద ఏడ్చారు. రెండు తరాలుగా పలకరింపులు లేని ఊళ్ళవాళ్ళు ఒకే చెంబు నీళ్ళు తాగారు. ఎవరో పొయ్యి పెట్టారు. ఎవరో బొరుగుల మూటలు తెచ్చారు. గడ్డి మీద బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పంచుకుంటూ, ఏడుస్తూ, నవ్వుతూ, ఒకరి కథ ఒకరికి చెప్పుకున్నారు. కలలో కుళ్ళాయమ్మ వాళ్ళ మధ్య నడిచింది. ఇంత అందమైన సాయంత్రం ఆమె తన జన్మలో చూడలేదు.

మెలకువ వచ్చాక పడకల మీద అందరి కళ్ళూ తడిగా, మొహాలు తేటగా ఉన్నాయి. ఒకరొకరే ఆమె దగ్గరికి వచ్చారు.

"నేనైతే ఆపమనే కోరుకుంటినమ్మా. ఈ పక్క వరసోళ్ళే ఏదో చేసినారు."

"మా వరసలో అందరం నీ పక్కే అక్కా. ఆ పై వరసోళ్ళను అడుగు."

నౌరీన్ చెవిలోని పరికరాన్ని నొక్కి కలనేతను గుసగుసగా అడిగింది. "నీలో ఏదైనా లోపమా?"

"లోపం లేదు డాక్టర్. బంతి ఆగాలని అందరూ కోరారు. అది అబద్ధం కాదు. కానీ బంతి ఆగితే ఆ సాయంత్రం ఉండదు. దాన్ని వదులుకోవడానికి దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు."

అబద్ధం చెప్పాలని నౌరీన్‌కు ఒక్క క్షణం అనిపించింది. చెప్పలేకపోయింది. విన్నది విన్నట్టు కుళ్ళాయమ్మకు చెప్పేసింది. చుట్టూ ఉన్నవాళ్ళూ విన్నారు.

కుళ్ళాయమ్మ తన అరచేతులు చూసుకుంది. "నువ్వేం కోరుకుంటివి తల్లీ?" అంది.

నౌరీన్ తల దించుకుంది. "మా అమ్మీ, అబ్బా ఆ సాయంత్రమే ఇక్కడ కలిసినారు పెద్దమ్మా. ఆయన బజ్జీలు పంచుతా ఉంటే ఆమె ఏడుస్తా ఉండిందంట. బంతి నీ చేతికి తగిలినప్పుడు నాకు భయమేసింది. నేను లేకుండా పోతానేమో అని."

కుళ్ళాయమ్మకు కోపం వచ్చింది. మొహం ఎర్రబడింది. నలభై ఏళ్ళ సీట్లు, గుప్పెడు గుప్పెడు కూరగాయలు, పాపం పాపం అన్న మాటలు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అంతలోనే ఏమైందో గాని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది.

"ఒక్క ఆడపిల్లకు ఓడిపోయినాననుకుని ఏడుస్తా ఉంటినే ఇన్నాళ్ళూ! మీరు ముప్పై వేలమంది ఒకపక్క, నేనొక్కదాన్ని ఇంకోపక్క. ఇదీ మ్యాచంటే!"

లేచి, మోకాళ్ళు పట్టుకుని, పడక మీదికెక్కి నిలబడి గ్యాలరీ మొత్తాన్ని చూసింది. "వచ్చే ఆదివారం మళ్ళీ పడుకుందాం. తాళం లేకుండానే. నేను ఎడమకే దూకుతా. మీకు చేతనైతే వేసుకోండి గోలు."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు, పాపం అనలేదు. ముప్పై వేలమందీ తమ తమ చాపలు చుట్టుకుంటూ, ఆమె కళ్ళలోకి చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డారు.