పనసపండు వాసన

కాల్చిన చేప, మునగాకు చారు ముందు పెట్టుకుని ముగ్గురు ఆడవాళ్లు అన్నం తింటున్నారు. పనాయ్ దీవిలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు అది. తాటాకు కప్పు మీద సన్నగా వాన కురిసి వెలిసింది. మైలీన్‌కి పదహారేళ్లు. ఎదురుగా నాయనమ్మ సాలుద్, అక్కడి మాటలో లోలా అంటే నాయనమ్మ. పక్కన వదిన అర్సెలీ. అన్న చేపల పడవ మీద వెళ్లాడు, వారం దాకా రాడు.

అప్పుడు వినిపించింది. టిక్... టిక్... టిక్...

అర్సెలీ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ చప్పుడు తెలియనివాళ్లు ఆ ఊళ్లో లేరు. అలా కూసేది పిట్ట. దాని వెనకే అసలుది వస్తుంది, అస్వాంగ్, పగలంతా మామూలు మనిషిలా తిరిగే దయ్యం. కడుపుతో ఉన్న ఆడదాని దగ్గర దానికి పండిన పనస వాసన వస్తుందట. ఆ వాసన పట్టుకుని వచ్చి, కప్పు సందులోంచి దారంలాంటి నాలుక దింపి, కడుపులోది తాగేస్తుంది. పిట్ట కూత గట్టిగా వినిపిస్తే అది ఇంకా దూరంలో ఉన్నట్టు. సన్నగా వినిపిస్తే... దగ్గరికొచ్చేసినట్టు.

"ఏమే అర్సెలీ, నీళ్లోసుకున్నావా ఏంటి? మాకు చెప్పకుండా దాస్తున్నావా?" అంది లోలా.

"ఛ, ఊరుకో లోలా!" అని సిగ్గుపడింది అర్సెలీ. పెళ్లయి మూడేళ్లు. మొహం మాత్రం వెలిగిపోయింది. "ఏమో మరి... దానికి మనకన్నా ముందే తెలుస్తుందంటారుగా!"

మైలీన్ తల వంచుకుని చేపముళ్లు ఏరసాగింది. నెల తప్పింది తనకి.

"ఇందాయ్, లేచి మీ వదిన మంచం చుట్టూ వెల్లుల్లి కట్టు. నా చేతులకి పడదు, మండిపోతాయి," అంది లోలా. ముద్దొస్తే మనవరాలిని ఆవిడ ఇందాయ్ అనే పిలుస్తుంది.

రెండు నెలలుగా మైలీన్ తొక్కని గడప లేదు. కడుపు తీసేయమని అడగ్గానే ఆరోగ్య కేంద్రంలో నర్సు లేచి తలుపు మూసింది. "ఈ దేశంలో అది నేరం. నన్ను ఇరికించకు తల్లీ. మీ అమ్మని తీసుకురా." అమ్మ హాంకాంగ్‌లో ఎవరింట్లోనో పాచిపని చేస్తోంది, ఈ పిల్ల చదువు కోసమే. చర్చి గోడ పక్కన అమ్మే చేదు కషాయం తాగితే వాంతులయ్యాయి తప్ప ఇంకేమీ కాలేదు. కారణమైన కుర్రాడు ఫోన్ నంబరే మార్చేశాడు. మనుషులంతా మొహం తిప్పుకున్నాక పదహారేళ్ల పిల్ల ఎవరిని నమ్ముకోవాలి?

దీపం ఆర్పేశారు. ఊపిరాడని ఉక్క. తడిసిన తాటాకు వాసన. మంచం చుట్టూ కట్టగా ఒక వెల్లుల్లి దండ మిగిలింది. మైలీన్ దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చుంది. మెడలో వేసుకుంటే చాలు, ప్రాణం దక్కుతుంది. కడుపూ నిలుస్తుంది. చదువు పోతుంది, అమ్మ కష్టమంతా మట్టిలో కలుస్తుంది.

ఆ దండ కూడా తీసుకెళ్లి వదిన తలాపున కట్టేసింది. కప్పు చిరిగిన చోట కింద చాప వేసుకుని పడుకుంది.

టిక్... టిక్...

సన్నగా. ఇంకా సన్నగా.

"రా," అంది గుసగుసగా. "తీసుకుపో..."

చప్పుడు ఆగింది. కప్పు సందులో కనిపిస్తున్న చుక్క మాయమైంది. ఏదో చల్లగా, తడిగా బొడ్డు కింద తాకింది... సూది దిగినట్టయింది. అరవబోయింది.

"కదలకు, ఇందాయ్..."

పైనుంచి. కప్పు మీదినుంచి.

మైలీన్ కళ్లు గట్టిగా మూసుకుంది. పక్కనే లోలా పడక. తడిమి చూస్తే తెలిసిపోతుంది, అక్కడ మనిషి ఉందో లేదో. ఆమె తడమలేదు.

తెల్లారేసరికి నెత్తురు లేదు, నొప్పి లేదు. బొడ్డు కింద ఒక ఎర్రటి చుక్క, అంతే. కడుపు తేలిగ్గా ఉంది. దుప్పటి నోట్లో కుక్కుకుని సంతోషంతో ఏడ్చింది. బయటికొచ్చేసరికి లోలా యూనిఫాం ఇస్త్రీ చేసి పెట్టింది.

"నువ్వు తినవా లోలా?"

"ఆకలి లేదే. నువ్వు తిని బడికి వెళ్లు."

వానలు ముదిరేసరికి అర్సెలీకి నిజంగానే నెల తప్పింది. ఆ రాత్రే పిట్ట కూసింది. మైలీన్ లోలా వైపు చూడలేకపోయింది. ఎవరికైనా చెప్పాలంటే తన సంగతీ చెప్పాలి. నోరు విప్పకపోయినా సరే, వదినని మాత్రం కాపాడుకుంటాననుకుంది.

"మైలీన్, వెల్లుల్లి నీ చేత్తోనే కట్టవే. నువ్వు కడితే నాకు ధైర్యం," అంది అర్సెలీ.

"కడతాను. ఇవాళ నీ పక్కనే పడుకుంటాను వదినా."

దండ అందుకుంది. చురుక్కుమంది. దండ జారి కింద పడింది. వేళ్లు నిప్పు ముట్టుకున్నట్టు ఎర్రగా కందిపోయాయి.

గోడవార కూర్చున్న లోలా తలెత్తింది. "పోనీలేవే," అంది ప్రేమగా. "ఇక నీక్కూడా పడదులే."

"అయ్యో, ఏమైందే?" అంటూ అర్సెలీ దగ్గరికొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

మైలీన్ నోట్లో నీళ్లూరాయి. ఇల్లంతా పండిన పనస వాసన.

ఆ రోజు ఇంటికి ఎవరూ పనసపండు తేలేదు.